తేరని నల్లనీళ్లు

సరుకు బాగాలేదని ఎవరైనా వస్తే కళావతి ముందు మనిషిని చూస్తుంది, ఆ తరువాతే సరుకును. చర్లలో కాటా ముందు కూర్చునే ఆమె సగం వయసు గడిచింది. ఆ కాటా నేర్పిన సంగతి ఒకటుంది. మోసం చేయడానికి వచ్చినవాడు సరుకును నోరారా తిడతాడు. నిజంగా నష్టపోయినవాడు దాన్ని చేతిలో పట్టుకుని, ఏమనాలో తెలియక నిలబడిపోతాడు.

సంతరోజు మధ్యాహ్నం మహిళా సంఘం డిపో గడపలో నిలబడ్డ అమ్మాయి రెండో రకం. భుజానికి బ్యాగు, ఒక చేతిలో మిక్సీ అట్టపెట్టె, ఇంకో చేతిలో నీళ్ల డబ్బా. గోళ్ల సందుల్లో కడిగినా పోని నల్లమరకలు. ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పే భాస్కర్ సార్ పోలిక ముఖంలో కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

“నేను భాస్కర్ అన్న చెల్లెను అక్కా. ఉషారాణి. హైదరాబాదుల రీసెర్చ్ చేస్తున్న. ఒక కరెంటు వస్తువు చేసెతందుకు మీ డిపోల బంక తెప్పించుకున్నం గదా…”

“చెడిపోయిందా?”

“చెడిపోలే. మంచిగనే ఉన్నది. పని చేస్తలేదు.”

కళావతి కాటా మీది సంచిని కిందికి దింపింది. “మంచిగుంటే పని ఎందుకు చెయ్యది? మా ఎద్దు బంగారం, కాకపోతే నడవది అన్నట్టున్నది నీ మాట.”

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదని కళావతికి అర్థమైంది. అంతటితో మనిషి లెక్క తేలింది. ఇక మిగిలింది సరుకు లెక్క.

ఆ డిపో కొనేది తపసి బంక. చర్ల చుట్టుపక్కల గుట్టల మీద తెల్లటి బెరడుతో ఉండే తపసి చెట్లకు కోయ కుటుంబాలు గొడ్డలి మొనతో చిన్న గాటు పెడతాయి. గాటులోంచి బంక ఊరి ముద్ద కడుతుంది. పచ్చిగా ఉండగానే ఒలిచి, ఎండబెట్టి, బుట్టలకెత్తి తెస్తారు. కళావతి కూడా అలాంటి ఇంటి ఆడపిల్లే. తండ్రి బంక గీసి బతికాడు, ఆమె దాన్ని తూచే వైపుకు వచ్చి కూర్చుంది. ఈ సరుకు మందుల కంపెనీలకు పోతుందని తెలుసు, ఐస్‌క్రీం చేసేవాళ్లకు పోతుందని విన్నది. కరెంటు వస్తువు చేయడానికి ఎవరో తీసుకుపోయారని మాత్రం ఇప్పుడే వినడం.

“కూర్చో,” అంది స్టూలు జరిపి. “మొదటికెల్లి చెప్పు. నడుమల చెప్తే నేను కొనను.”

ఉషారాణి బ్యాగులోంచి ఒక పెన్సిలు, ఒక మీటరు తీసింది. బల్ల మీది చిత్తుకాగితం మీద పెన్సిలుతో ఒత్తి ఒత్తి ఒక నల్లపట్టీ గీసింది. మీటరుకున్న రెండు తీగల మొనలు ఆ పట్టీ రెండు చివర్లా ఆనించింది. మీటరు మీద అంకె ఒకటి మెరిసింది.

“పెన్సిల్ గీత మీదికెల్లి కరెంటు పోతదా?” కళావతి ముందుకు వంగింది.

“పోతది. ముల్లుల ఉండేది గ్రాఫైట్ అక్కా. పొరలు పొరలుగ ఉంటది. కాయితం మీద రాస్తే పొరలు రాలి అంటుకుంటయి.”

“కాకిబంగారం లెక్కనా? చిన్నప్పుడు తాలిపేరు ఒడ్డున ఏరుకొచ్చి గోరుతోని పొరలు తీసేటోళ్లం. ఎవరి పొర పల్చగొస్తే వాళ్లు గెలిచినట్టు.”

“అవ్, అచ్చం అట్లనే! ఈ గ్రాఫైట్‌ను గూడ తీసుకుంట తీసుకుంట పోతే చివరికి ఒక్కటే పొర మిగులుతది. దాన్నే గ్రాఫీన్ అంటరు. ఒక్క అణువంత మందం.”

“దానికంటే పల్చగ?”

“ఇంక లేదు. అక్కడితోని అయిపోయింది.”

అయిపోయింది అనే మాట కళావతికి నచ్చింది. అడుగు తెలిసిన బేరం మంచి బేరం. “మరి తూకం ఎంత?” అని అడిగింది. ఆమెకు ఏ వస్తువైనా తూకం తెలిస్తేనే కంటికి ఆనుతుంది.

ఉషారాణి ఒక క్షణం లెక్క వేసుకుంది. “ఒక గ్రాము తీసుకుని ఒక్కటే పొరగ పరిచినమనుకో, పదమూడు గుంటల భూమి కప్పొచ్చు.”

కళావతికి తన ముప్పావెకరం చెలక గట్టు నుంచి గట్టుకు కళ్లముందు పరుచుకుంది. దాని మీద నల్లటి పొర ఒకటి కప్పి, మళ్లీ చుట్టి, కాటా మీద పెట్టి చూసింది మనసులోనే. రెండు గ్రాముల పైచిలుకు. చెవికమ్మ కూడా అంతకంటే బరువుంటుంది. కిలోలూ క్వింటాళ్లూ తప్ప ఎరగని డిపోలో ఆ మాట వింతగా వినబడింది. వింతైనదాన్ని వదిలిపెట్టే అలవాటు ఆమెకు లేదు.

“మరి కాకిబంగారం మీదికెల్లి గూడ కరెంటు పోతదా?”

“అది పోనియ్యది. పొరలున్నయన్నీ ఒక్క తీరుగ ఉండయి అక్కా. ఇది పోనిస్తది, అది ఆపుతది. మాలిబ్డినం సల్ఫైడ్ అని ఇంకోటున్నది, అది మనం పొమ్మంటే పోనిస్తది, ఆగుమంటే ఆపుతది, స్విచ్ లెక్క. ఇట్లాంటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కంటికి ఆనని మిషిన్లు చెయ్యాలని దునియా అంత కొట్టుకుంటున్నది.”

“పోనిచ్చేటోడు, ఆపేటోడు, చెప్పినట్టు వినేటోడు. ముగ్గురుంటే ఇల్లు నడుస్తది మరి,” అంది కళావతి. “ఇంతల నా బంకకు ఏం పని?”

అసలు సంగతి అక్కడుంది. గ్రాఫైట్ పొడిని నీళ్లలో వేసి మిక్సీలో తిప్పితే పొరలు విడిపోతాయి. కానీ విడిపోయిన పొరలు ఊరుకోవు, నీళ్లలో మళ్లీ దగ్గరికి చేరి అతుక్కుని ముద్దై అడుగుకు పోతాయి. ఆ నీళ్లలో బంక కరిగి ఉంటే అది ఒక్కొక్క పొరనూ చుట్టుకుంటుంది, పక్కదాన్ని దగ్గరికి రానివ్వదు. అప్పుడు నీళ్లు నల్లగా అలాగే నిలుస్తాయి. ఆ నల్లనీళ్లే సిరా. సిరాను పూసిన పట్టీ మీద కరెంటు పోతుంది, పట్టీ సాగితే మీటరు అంకె మారుతుంది.

కళావతి నవ్వేసింది. “బంక అతికించెతందుకు గదనే! నువ్వు విడగొట్టెతందుకు వాడుతున్నవా? ఇన్నేండ్ల సంది అమ్ముతున్న, నాకు తోచలే చూడు.”

ఈసారి ఉషారాణి కూడా కొంచెం నవ్వింది. పట్టీ దేనికో చెప్పింది. నిమ్ము చేసిన చంటిపిల్లలు ఊపిరి ఎంత వేగంగా తీస్తున్నారో లెక్కపెట్టాలి. ఊళ్లలో ఆశా వర్కర్లు ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను బిడ్డ పొట్ట మీద పెట్టి లెక్కిస్తారు. బిడ్డ ఏడిస్తే లెక్క తప్పుతుంది. ఆ పొట్టకు ఈ పట్టీ కడితే ఊపిరి ఊపిరికీ అంకె లేస్తుంది, పడుతుంది. ఇక లెక్క తప్పదు.

“పోయినేడు మా అన్న మీ దగ్గర బంక పట్టుకొచ్చిండు. దాంతోని సిరా మంచిగొచ్చింది. ఈయేడు తెప్పిస్తే వస్తలేదు. చేసినకాడికల్ల తేరుతున్నది. మా సారేమో ఒక్కటే మాటన్నరు. ఒక్కసారి నీ చేతిల వచ్చింది లెక్కలకు రాదు, మళ్ల మళ్ల రావాలె, వేరేటోళ్ల చేతిల గూడ రావాలె. సోమవారం లోపల గట్ల చూపియ్యకపోతే ఈ పట్టీని పక్కన పెట్టెయ్, వేరే పని ఎత్తుకో అన్నరు.” ఆమె మీటరు తీగలను చుట్టి పెట్టింది. “సార్ తప్పేం లేదక్కా. నిజమే గదా.”

“మీ సారెవరో గానీ యాపారం తెలిసినోడు,” అంది కళావతి. ఒక్కసారి వచ్చిన లాభం లాభం కాదు, అది కలిసిరావడం. మళ్లీ వస్తుందని చెప్పగలిగినదే వ్యాపారం. ఆ సార్‌ను చూడకుండానే ఆమె ఒక మెట్టు పైన కూర్చోబెట్టింది. “ఏదీ, నా ముందల చెయ్యి.”

ఉషారాణి డిపో బల్ల మీదే మిక్సీ పెట్టింది. డబ్బాలోంచి ల్యాబు నీళ్లు పోసి, ఈ ఏటి బంక పొడి, చెంచాడు గ్రాఫైట్ వేసి తిప్పింది. సంతకు వచ్చినవాళ్లు గడపలో ఆగి, కళావతి ఇక్కడ జ్యూసు దుకాణం పెట్టిందా అని చూసిపోయారు. నల్లటి నురగను గాజు గ్లాసులోకి వంచి ఇద్దరూ టీ తాగుతూ కూర్చున్నారు. టీ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి పై సగం తేటనీళ్లు, అడుగున నల్లబురద.

“గిట్లనే,” అంది ఉషారాణి. తరువాత బ్యాగులోంచి చిన్న సీసా తీసి ఇచ్చింది. “ఇది పోయినేడు చేసింది.”

కళావతి దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి ఎండకు పట్టి చూసింది. వంచింది, తలకిందులు చేసింది. ఏడాది గడిచినా అడుగున ఇసుక రేణువంత మడ్డి లేదు. సీసా నిండా ఒకటే నలుపు. తేటపడితే మంచినీళ్లు అనుకునే లోకంలో, తేరకుండా నిలిస్తేనే గెలుపు అనే సరుకు ఆమె చేతిలో ఉంది. అది తన బంకతోనే అయింది, తన బంకతోనే కావడం లేదు. ఈ తేడా ఎక్కడిదో తెలుసుకోకపోతే ఇక తనకు అన్నం సయించదని ఆమెకు తెలుసు.

సరుకులో తేడా వస్తే అది వచ్చిన దారి వెంట వెనక్కి నడవాలి. కళావతి అలాగే నడిచింది.

“పొడి మారిందా?”

“లేదు, అదే ప్యాకెట్.”

“నీళ్లు?”

“అవే. ల్యాబుల పట్టినయి.”

“మిక్సీ?”

“అదే అక్కా. మా అమ్మది. ఇంక తిరిగియ్యలే.”

“అయితే తప్పు నా దిక్కున్నది.” ఆ మాట అనడానికి ఆమె వెనకాడలేదు, ఎందుకంటే అది తప్పు ఒప్పుకోవడం కాదు, వెతకాల్సిన జాగా తగ్గించుకోవడం. గుట్టలు అవే, చెట్లు అవే, గీసే మనుషులు వాళ్లే. నిరుడూ ఇదే ఎండాకాలం మొదట్లో తీసిన బంక. వాన పడలేదు. పైగా ఈ ఏటి బంక ముందెన్నడూ లేనంత శుభ్రమైనది, గింజ గింజా అద్దంలా ఉంది. కళావతి ఒక ముద్ద తీసి వాసన చూసింది. పచ్చడి పులిసినట్టు పుల్లటి వాసన. తపసి బంకకు అది ఉండేదే.

స్కూలు విడిచిన తరువాత భాస్కర్ వచ్చాడు. కళావతి అతన్ని కూర్చోనివ్వకుండానే పట్టుకుంది. “సారూ, పోయినేడు నేనిచ్చిన పొట్లం ఎట్లుండె?”

“ఎట్లుంటదమ్మా? బంక లెక్కుండె.”

“లెక్కలు చెప్పే సారు చెప్పే తీరు అదేనా? రంగు, వాసన, ఏదన్న?”

భాస్కర్ తల గోక్కున్నాడు. “దుమ్ము దుమ్ముగ ఉండె. జేబుల పెట్టుకుంటే నా నల్లప్యాంటంత తెల్లగైంది. మా ఇంటామె పిండిమిల్లుకు పోయినవా అన్నది.”

కళావతి చేతిలోని బంకముద్ద బల్ల మీద పెట్టేసింది. “దుమ్ము కాదు సారూ. బూడిద.”

గుట్టల అంచు ఊళ్లలో ఆడవాళ్లు పచ్చిబంక ఒలిచేటప్పుడు అది వేళ్లకు పట్టుకోకుండా అరచేతులకు పొయ్యిలోని బూడిద అద్దుకుంటారు. ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. కానీ బూడిద అంటిన బంకను కొనేవాళ్లు చివరి రకం కింద కడతారు. అందుకే ఈ ఏడు కళావతి మాట ఖాయం చేసింది. బూడిద వద్దు, చేతులకు నూనె రాసుకోండి, బూడిద కనబడితే బుట్ట దించనివ్వను. అందరూ విన్నారు. సరుకు మెరిసింది, రకం పెరిగింది. వినని మనిషి ఒక్కతే, జంపయ్య భార్య ఆదెమ్మ. ఆమె బుట్టను కళావతి గడప దగ్గరి నుంచే తిప్పి పంపింది. అప్పటి నుంచి ఆదెమ్మ డిపో వైపు తలెత్తి చూడడం లేదు.

“సరుకు మంచిగ చెయ్యబోతే ఇది జరిగిందా?” అని గొణుక్కుంటూ కళావతి ఎదురుగా ఉన్న టీ హోటలు పొయ్యిలోంచి దోసెడు బూడిద తెచ్చింది. ఉషారాణి వద్దనేలోపే మిక్సీలో గుమ్మరించింది. తిప్పారు. గ్లాసులో పోశారు. ఈసారి టీ చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. మాడిన అన్నంలా నల్లటి ఉండలు కట్టి దబదబా అడుగుకు పోయాయి.

ఉషారాణి ముఖం చిన్నబోయింది. “బూడిద కాదేమో అక్కా.”

“బూడిదనే. కాకపోతే నాకు తెల్వని బూడిద. తెలిసినామె సంతల కూసున్నది. నేనడుగుతే తిడతది. నువ్వు రా, నువ్వుంటే రెండు తిట్లు తగ్గుతయి.”

సంత చివర ఆదెమ్మ గోనెపట్టా మీద ఇప్పపువ్వు కుప్ప పోసుకుని ఉంది. కళావతిని చూసి చేత్తో ఈగలు తోలినట్టు తోలింది.

“ఏమమ్మా కాటా దొరసానీ! ఇప్పపువ్వుల బూడిదేమన్న ఉన్నదేమో ఏరిచూసి పో.”

“అత్తా, ఎకసెక్కం తరువాత. నీ బంక ఉన్నదా ఇంట్ల?”

“ఉంటే నీకెందుకే? నాది మురికిబంక. మీ అద్దాల బంగ్లాల ఆనది.”

“ఆ మురికే కావాలె ఈ పిల్లకు.”

ఆదెమ్మ ఉషారాణిని కాళ్ల నుంచి తల దాకా చూసింది. “చదువుకున్నట్టున్నది గదా, పాపం.”

కళావతి నవ్వు ఆపుకుని కోయలో నాలుగు మాటలు చెప్పింది. పట్టీ సంగతి, పిల్లల ఊపిరి సంగతి. ఆదెమ్మ ముఖం మెత్తబడలేదు గానీ చేయి కదిలింది. పట్టా మూల నుంచి చిటికెడు మట్టి తీసి, అరచేతుల మధ్య రుద్ది, గట్టిగా చప్పట్లు కొట్టి దులిపేసింది. మట్టి దాదాపు అంతా రాలిపోయింది. వేళ్ల గీతల్లో మాత్రం సన్నగా మిగిలింది.

“గింతే ఉండాలె. ఉన్నట్టు లేనట్టు. దోసెళ్లు దోసెళ్లు పోస్తే బంకనా, బొగ్గా?”

“ఎందుకత్తా గట్ల?”

“ఎందుకేంది? వేళ్లకు అంటకుంటందుకు. మా అత్త చేసేది, నేను చేస్తున్న. నీ నూనె రాస్తే కత్తి జారుతది. నా వేలు తెగితే నీ సంఘం అతికిస్తదా?”

అంతకుమించి ఆదెమ్మకు తెలిసింది లేదు, తెలియాల్సిన అవసరమూ ఆమెకు లేదు. కానీ ఉషారాణి కళ్లు ఆ వేళ్ల గీతల మీదే నిలిచిపోయాయి. “పచ్చిబంక మీద పడుతది. అంటే తడి ఉన్నప్పుడే లోపలికి పోతది,” అని తనలో తాను అనుకున్నట్టు అంది. “ఎండేదాక దాంతోనే ఉంటది. కొద్దిగ… తడి… శానసేపు…” తరువాత కళావతి చేయి పట్టుకుని డిపో వైపు లాక్కుపోయింది.

డిపోలో రంగు మారే కాగితం ముక్కలు తీసింది. పులుపు తగిలితే ఎర్రబడతాయట, బూడిదనీళ్ల లాంటి క్షారం తగిలితే నీలంగా మారతాయట. ఈ ఏటి బంక నానిన నీళ్లలో ముంచితే ఎర్రబడింది. బూడిద కలిపిన నీళ్లలో నీలమైంది. నిరుటి సీసాలో ముంచిన ముక్క అటూ ఇటూ కాని లేత పచ్చగా తేలింది.

“ఈ బంకల పులుపు కట్టుకొని ఉంటదక్కా. అది ఉన్నంతకాలం నీళ్లల్ల ఉబ్బుతది తప్ప కరగది. కరగకపోతే పొరను చుట్టుకోది. బూడిద ఆ పులుపును కొద్దికొద్దిగ ఊడదీస్తది. అప్పుడు బంక కరుగుతది.”

“మరి నేను పోస్తే ముద్దెందుకైంది?”

“ఎక్కువైతే బూడిదల ఉప్పులు పొరల్ని మళ్ల దగ్గరికి తోస్తయి. చిటికెడైతే విడగొడుతది, దోసెడైతే కలిపేస్తది.”

కళావతికి ఇది ఇట్టే అర్థమైంది. ఇద్దరి మధ్య బేరం కుదిర్చే మధ్యవర్తి పని అంతే. కాస్త మాట సాయమైతే బేరం నడుస్తుంది, మరీ దూరితే ఇద్దరూ కలిసి మధ్యవర్తినే కొట్టిపోతారు. “అయితే బూడిద వద్దు, దాని తేట పోద్దాం,” అంది. వెనకటికి తలంటుకు వాడినట్టే బూడిదను నీళ్లలో కలిపి, అడుగున పేరుకోనిచ్చి, పైన తేరిన నీళ్లను గుడ్డలో వడగట్టారు. ఆ తేట కొద్దిగా పోసి బంకను నానబెట్టారు. కాగితం లేత పచ్చకు వచ్చేదాకా బొట్టు బొట్టుగా చూసుకుని, మూతపెట్టి ఇళ్లకు పోయారు.

పొద్దున ఉషారాణి మిక్సీ తిప్పింది. గ్లాసును కిటికీలో పెట్టింది. టీ తాగారు. ఉప్మా తిన్నారు. గ్లాసు నల్లగానే ఉంది. భాస్కర్ బడికి పోతూ చూశాడు, నల్లగానే ఉంది. ఉషారాణి రెండు చేతులతో నోరు మూసుకుంది.

“వచ్చిందక్కా!”

“నీ చేతిల వచ్చింది,” అంది కళావతి. “మీ సారేమన్నడు?”

ఉషారాణి చేతులు దించింది.

“బయటికి నడువు. నేను చేస్త. గడప దాటినంక ఒక్క మాట చెప్పొద్దు. ముందే ఏం చెప్తవో చెప్పు.”

“బంక ఇంత, తేట చిటికెడంత…”

“చిటికెడంటే ఎవరి చిటికెడు? నాదా, ఆదెమ్మత్తదా? ఆమె వేళ్లు చూసినవా, నావి రెండు దూరుతయి. చిటికెడు, కొంచెం, సరిపోను అనేదుంటే ఈ కాటా దేనికి?”

ఆ మాటతో ఉషారాణి మళ్లీ కూర్చుంది. బంక తూకం, నీళ్ల కొలత, తేట ఎన్ని మూతలు, కాగితం ఏ రంగుకు రావాలో, మిక్సీ ఎంతసేపో, అన్నీ ఒక్కొక్కటిగా తూచి చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే తనకే కొన్ని తెలియవని బయటపడింది. వాటిని అప్పటికప్పుడు కొలిచింది. ఇద్దరూ కలిసి బంకను మళ్లీ నానబెట్టారు. ఆ సమయానికే ఆదెమ్మ వచ్చింది, చీరకొంగులో తన మురికిబంక మూటకట్టుకుని. “ఊరికే ఇటు పోతున్న,” అంది. ఆమె ఊరు పోయే దారి అటు కాదు.

మధ్యాహ్నానికి బంక నానింది, కళావతి తలుపు దగ్గరకు వేసుకుంది. బయట మెట్టు మీద ఉషారాణి లేచి నడవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం చెప్పుల చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది.

“ఏందే, కాన్పు గది బయట మొగుని లెక్క తిరుగుతున్నవు?” ఆదెమ్మ గొంతు.

“సోమవారం జల్దీ వస్తున్నది పెద్దమ్మా.”

“వస్తది. దాని పని అది. నువ్వు కూసో.”

లోపల కళావతి చేతులు మాత్రం కదలకుండా ఉన్నాయి. ఎన్ని సంచులు తూచిందో లెక్కలేని చేతులు అవి. కానీ ఇంత తక్కువ తూకం, ఇంత ఎక్కువ జాగ్రత్త ఎప్పుడూ పడలేదు. గ్రాఫైట్ వేసింది. తిప్పింది. వంచింది. నల్లనీళ్ల ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. తేరడం మొదలైతే అంచున సన్నటి తెల్లగీత కనబడుతుందని నిన్న చూసింది. ఆ గీత కోసం కళ్లు పెట్టి చూసింది. రెండుసార్లు వచ్చిందనుకుంది, రెండుసార్లూ అది గ్లాసు మెరుపే. చివరకు కొనవేలు పెట్టి గ్లాసును తిప్పి, కిందికి వంగి అడుగు చూసింది. మడ్డి లేదు.

తలుపు తీయకుండానే పట్టీ పని చేసింది. ప్లాస్టిక్ కవరు ముక్క మీద బ్రష్షుతో పూత మీద పూత వేసి, వెనకవాకిట్లో ఎండబెట్టి, చెప్పినట్టే పైన కాగితం పరిచి ఇస్త్రీపెట్టెతో నొక్కింది. మీటరు తీగలు ఆనించింది. అంకె మెరిసింది. అప్పుడు తలుపు తీసింది.

ఉషారాణి అంకె చూసి, పొద్దుటి సిరాతో తాను చేసిన పట్టీ అంకె చూసి, మళ్లీ దీన్ని చూసింది.

“ఒక్కటే రాలేదేందే?” కళావతి మీటరు మీదికి వంగింది. “ఎవరిది తప్పు?”

“ఎవరిదీ కాదక్కా. ఇంత తేడా ఉంటది, ఉండనియ్యాలె. నా రెండు పట్టీల నడుమ గూడ ఇంతే తేడా ఉంటది.” ఆ అమ్మాయి రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టింది. “ఇది నీ చేతిల వచ్చింది.”

పట్టీని గుడ్డకు కుట్టి ఆదెమ్మ పొట్ట చుట్టూ కట్టారు. ఆదెమ్మ ఊపిరి పీల్చింది, అంకె లేచింది. వదిలింది, పడింది. ఆదెమ్మ అనుమానంగా ఊపిరి బిగబట్టింది, అంకె నిలబడిపోయింది.

“నా ఊపిరిని గూడ కాటా మీద పెట్టినవు గదనే కళావతీ! వదలమంటవా, రకం చూసి చెప్తవా?”

“వదులు అత్తా, సచ్చిపోతవ్!”

ముగ్గురూ నవ్వితే మీటరు అంకె పిచ్చిపట్టినట్టు ఎగిరింది. ఉషారాణి కళ్లు తుడుచుకుంటూనే ఫోనులో ఆ అంకెలను వీడియో తీసుకుంది.

ఆదెమ్మ కట్టు విప్పుకుంటూ మెల్లగా అడిగింది. “మరి రేపటికెల్లి బంక ఎట్ల తేవాలె? బూడిదతోనా, లేకుండనా?”

కళావతి ఉషారాణి వైపు చూసింది. ఉషారాణి చెప్పింది, ల్యాబులో ఇక పొయ్యి బూడిద వాడరని, కొలిచిన సోడా వేస్తారని. అంటే వీళ్లకు కావాల్సింది శుభ్రమైన బంకే. కానీ సోడా ఎంత వేయాలో తేలేదాకా బూడిదబంకతో సరిపోల్చి చూడాలి కదా.

“రెండు తీర్ల తే. వేరువేరు బుట్టల్ల. దేంట్లో ఏముందో నాకు చెప్పి దించు. నూనె రాసుకోకు, వేలు తెగుతది.”

“ఇప్పుడు తెలిసిందా?” అంటూ ఆదెమ్మ కొంగులోని మూట కాటా మీద పెట్టింది.

సాయంత్రం బస్సు వేళ దగ్గరపడింది. ఉషారాణి సీసాలు గుడ్డల్లో చుట్టి సర్దుకుంది. మిక్సీ కోసం బల్ల వైపు తిరిగి చూస్తే కళావతి కాటా ముందు నిలబడి మళ్లీ బంక తూస్తోంది. పక్కన పొద్దుట నానబెట్టిన గిన్నె ఉంది, దాని పక్కన ఇంకో గిన్నె.

“అక్కా, బస్సు టైమైంది. సిరా రెండుసార్లు వచ్చింది గదా. మూడోది నేను ల్యాబుల చేస్త.”

“చేసుకో, ఎవరొద్దన్నరు? ఇందుల తేట సగమే పోసిన.” కళావతి తలెత్తలేదు. “ఎంత తక్కువైతే తేరుడు మొదలైతదో చూడాలె. మిక్సీ ఇక్కడ్నే ఉండనియ్యి. మీ అమ్మకు నేను ఫోన్ చేసి చెప్త.”

ఉషారాణి గడియారం చూసుకుంది. రాత్రికి ఇంకో బస్సు ఉంది. బ్యాగు భుజం మీంచి దించి, స్టూలు దగ్గరికి లాక్కుని, గ్రాఫైట్ ప్యాకెట్ మళ్లీ విప్పింది.